రిక్వెస్టు ఎంతదాకా వచ్చింది?

(కర్నూలులో ఇంజనీరింగ్ చివరి సంవత్సరం విద్యార్థుల కోసం ఏర్పాటైన సదస్సులో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి. తెరమీద అక్షరాలు చిన్నవి, అక్కడినుంచి కనబడవు.

ఈరోజు విషయం మీ అందరికీ అనుభవమే. జావాలో సర్వ్‌లెట్, అంటే బ్రౌజర్ అడిగినదానికి సర్వర్‌లో జవాబు తయారుచేసే క్లాసు, రాస్తారు. కోడు రాసుకునే ఎక్లిప్స్‌లో చక్కగా నడుస్తుంది. అప్లికేషన్ అంతటినీ ఒక మూటగా, అంటే వార్ ఫైలుగా చేసి సర్వర్‌లో పెట్టగానే బ్రౌజర్ 404, అంటే అడిగినది దొరకలేదు అంటుంది. అప్పుడు మన కుర్రాళ్లు చేసే వైద్యం ఎక్కడ చూసినా ఒకటే. ఏ చిరునామాకు ఏ సర్వ్‌లెట్ అని రాసి ఉండే వెబ్.ఎక్స్ఎమ్ఎల్ తెరుస్తారు, అందులోని చిరునామా నమూనాలో, అంటే ప్యాటర్న్‌లో ఒక స్లాష్ తీసి చూస్తారు. కుదరకపోతే ఒక నక్షత్రం తగిలించి చూస్తారు. అదీ కాకపోతే సర్వర్ ప్రోగ్రాము టామ్‌క్యాట్‌నే తీసేసి మళ్లీ ఎక్కిస్తారు. (నవ్వులు) నవ్వుతున్నారంటే చేసినవాళ్లు ఉన్నారన్నమాట.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మ్యాపింగ్ మీద, అంటే చిరునామాకూ సర్వ్‌లెట్‌కూ వేసిన ముడి మీద చేయి వేయకముందు, రిక్వెస్టు, అంటే బ్రౌజర్ పంపిన కోరిక ఎంతదాకా వచ్చి ఆగిందో తెలుసుకోండి. బ్రౌజర్‌కూ, సర్వ్‌లెట్‌లో జవాబు తయారుచేసే మీ డూగెట్ పద్ధతికీ మధ్య చాలా మజిలీలున్నాయి. ఏ మజిలీలో ఆగినా చాలాసార్లు తెరమీద కనిపించేది అదే 404. అందుకే ఆ సంఖ్యను చూసి మందు వేయలేం.

ఒక చిన్న అప్లికేషన్ ఊహించుకుందాం. మన చుట్టుపక్కల మార్కెట్ యార్డుల ధరలు చూపించేది. కర్నూలు యార్డులో ఉల్లి, ఆదోనిలో పత్తి, పత్తికొండలో టమాటా. అప్లికేషన్ పేరు మార్కెట్. అందులో ఒక సర్వ్‌లెట్, దాని ప్యాటర్న్ /ధరలు/* అనుకుందాం. ఆదోని పత్తి ధర కావాలంటే చిరునామా ఇలా ఉంటుంది: /మార్కెట్/ధరలు/ఆదోని/పత్తి. కోడులో మీరు వీటిని ఇంగ్లీషు అక్షరాలతోనే రాస్తారు, నేను మాత్రం తెలుగులో చదువుతాను.

ఈ చిరునామాలో మూడు ముక్కలున్నాయి. మొదటిది /మార్కెట్. ఇది కాంటెక్స్ట్ పాత్. రెండోది /ధరలు, సర్వ్‌లెట్ పాత్. మిగిలిన /ఆదోని/పత్తి పాత్ ఇన్ఫో. ఈ మూడింటిలో మీ వెబ్.ఎక్స్ఎమ్ఎల్ నిర్ణయించేది రెండోదాన్ని మాత్రమే. మొదటి ముక్కకూ మీ మ్యాపింగ్‌కూ సంబంధం లేదు. అది సర్వర్ ఇచ్చే పేరు. యూఆర్ఎల్ ప్యాటర్న్ ఎప్పుడూ కాంటెక్స్ట్ పాత్ తర్వాతినుంచి మొదలవుతుంది. ఇది తెలియక ప్యాటర్న్‌లోనే /మార్కెట్/ధరలు అని రాస్తే, మీ సర్వ్‌లెట్ /మార్కెట్/మార్కెట్/ధరలు దగ్గర కూర్చుని ఉంటుంది. అక్కడికి ఎవరూ వెళ్లరు.

మరి మొదటి ముక్క ఎక్కడినుంచి వస్తుంది? టామ్‌క్యాట్‌లో వెబ్‌యాప్స్ ఫోల్డరులో పెట్టినప్పుడు, వార్ ఫైలు పేరే కాంటెక్స్ట్ పాత్. మార్కెట్.వార్ పెడితే /మార్కెట్. రూట్.వార్ అని, మొత్తం పెద్ద అక్షరాలతో పెడితే ఖాళీ, అంటే సైటు మొదటి పేజీయే మీది. ఇప్పుడు వార్ ఫైలు తయారుచేయడానికి మావెన్ అనే సాధనం వాడేవాళ్లు గమనించండి. మావెన్ తనంత తానుగా చేసే ఫైలుకు వెర్షన్ కూడా తోక కట్టేస్తుంది: మార్కెట్-1.0-స్నాప్‌షాట్.వార్. దాన్ని అలాగే తీసుకెళ్లి పెడితే కాంటెక్స్ట్ పాత్ కూడా ఆ పొడుగాటి పేరే. మీరు /మార్కెట్ కొడతారు, 404 వస్తుంది. కోడులో తప్పేమీ లేదు. ఆదోని యార్డుకు పోవాల్సిన పత్తి లారీ కర్నూలు యార్డు గేటు ముందు నిలబడి నా షెడ్డు ఏది అని అడిగితే కాపలాదారు ఏం చెబుతాడు? లోపల షెడ్ల అమరిక ఎంత బాగున్నా లాభం లేదు. మావెన్ సెట్టింగులుండే పామ్ ఫైలులో ఫైనల్‌నేమ్ అన్న చోట మార్కెట్ అని రాస్తే సరిపోతుంది, లేదా ఫైలు పేరు మార్చి పెట్టండి.

ఎక్లిప్స్‌లో నడిచినది బయట నడవకపోవడానికి తరచూ కారణం ఇదే. ఎక్లిప్స్ కాంటెక్స్ట్ పాత్‌ను ప్రాజెక్టు సెట్టింగుల నుంచి తీసుకుంటుంది, వార్ పేరు చూడదు. మెటా-ఇన్ఫ్‌లో ఉండే కాంటెక్స్ట్.ఎక్స్ఎమ్ఎల్‌లో పాత్ అని రాసి తప్పించుకోవాలని కొందరు చూస్తారు. అక్కడ రాసినదాన్ని టామ్‌క్యాట్ పట్టించుకోదు. స్ప్రింగ్ బూట్ అనే జావా ఫ్రేమ్‌వర్కు వాడేవాళ్లు ప్రాపర్టీస్ ఫైలులో రాసే కాంటెక్స్ట్ పాత్ కూడా అంతే. అది లోపల ఇమిడి వచ్చే సర్వర్‌కు పనిచేస్తుంది. వార్‌గా బయటి టామ్‌క్యాట్‌లో పెడితే పనిచేయదు.

ఇంకొకటి, పెద్ద అక్షరం చిన్న అక్షరం తేడా. చిరునామాలో ఈ తేడా ఎప్పుడూ లెక్కలోకి వస్తుంది. ఫైళ్ల పేర్ల విషయంలో మాత్రం విండోస్ చూసీచూడనట్లు పోతుంది, లైనక్స్ పోదు. మీ క్లాసులుండే వెబ్-ఇన్ఫ్ ఫోల్డరు పేరు చిన్న అక్షరాలతో పెడితే లైనక్స్ సర్వర్‌లో అది మామూలు ఫోల్డరు. అంటే సర్వర్‌కు మీ క్లాసులు దొరకవు.

సరే, ఇప్పుడు సర్వర్ ఇచ్చే జవాబును చదవడం నేర్చుకుందాం. బ్రౌజర్ అసలు కనెక్టే కాలేదంటే టామ్‌క్యాట్ లేవలేదు, లేదా 8080కి బదులు వేరే పోర్టు. అది మ్యాపింగ్ గొడవ కాదు. 405, అంటే ఈ రకం రిక్వెస్టు ఇక్కడ కుదరదని వచ్చిందా? సంతోషించండి. రిక్వెస్టు మీ సర్వ్‌లెట్ దాకా వచ్చింది, మ్యాపింగ్ సరిగ్గా ఉంది. మీరు పోస్ట్ రకం రిక్వెస్టులకు నడిచే డూపోస్ట్ మాత్రమే రాసి, చిరునామాను బ్రౌజర్‌లో నేరుగా కొట్టారు. బ్రౌజర్ గెట్ పంపింది, దానికి డూగెట్ లేదు. 405 చూసి ప్యాటర్న్ మార్చేవాళ్లున్నారు, నాకు అదే బాధ. 500, అంటే సర్వర్ లోపల తప్పు జరిగిందని వచ్చినా మ్యాపింగ్‌ను వదిలేయండి. దారి దొరికింది, ఇంట్లో ఏదో విరిగింది. తెల్లటి ఖాళీ పేజీ వచ్చిందంటే ఫిల్టర్లను, అంటే సర్వ్‌లెట్‌కు ముందు రిక్వెస్టును పట్టుకుని చూసే క్లాసులను అనుమానించండి. ఫిల్టరు రాసి అందులో చెయిన్.డూఫిల్టర్ పిలవడం మరిచిపోతే రిక్వెస్టు అక్కడే ఆగిపోతుంది, ఎవరూ తప్పని చెప్పరు.

ఇక్కడ ఒక మాయ ఉంది. వెబ్.ఎక్స్ఎమ్ఎల్‌లో క్లాసు పేరు తప్పుగా రాశారనుకోండి, ప్యాకేజీ పేరు మరిచారు. మొదటిసారి పిలిచినప్పుడు 500 వస్తుంది, క్లాసు దొరకలేదని వివరం ఉంటుంది. మీరు ఆ వివరం చదవకుండా రీఫ్రెష్ నొక్కుతారు. ఈసారి 404, ఆ సర్వ్‌లెట్ అందుబాటులో లేదని. ఒకసారి తయారు చేయడం కుదరని సర్వ్‌లెట్‌ను టామ్‌క్యాట్ పక్కన పెట్టేస్తుంది, తర్వాత వచ్చినవాళ్లకు లేదనే చెబుతుంది. అసలు కారణం మొదటి పేజీలో ఉంది, దాన్ని మీరే తుడిచేశారు. అదృష్టవశాత్తు జరిగినవి సర్వర్ రాసుకునే లాగ్ ఫైలులో మిగిలే ఉంటుంది.

ఇప్పుడు నిజమైన 404. మొదట ఆ పేజీని ఎవరు పంపారో చూడండి. టామ్‌క్యాట్ సొంత పేజీ అయితే, ఎవరూ మార్చకపోతే, అడుగున టామ్‌క్యాట్ అని, వెర్షన్ సంఖ్యతో సహా ఉంటుంది. టామ్‌క్యాట్ ముందు నిలబెట్టే మరో సర్వర్ ఎన్‌జిన్ఎక్స్ పేరు ఉంటే రిక్వెస్టు టామ్‌క్యాట్ గుమ్మమే తొక్కలేదు. సందేహం ఉంటే లాగ్స్ ఫోల్డరులో యాక్సెస్ లాగ్ చూడండి. టామ్‌క్యాట్‌కు అందిన ప్రతి రిక్వెస్టూ అందులో ఒక వరుసగా పడుతుంది, ఏ చిరునామాతో అందిందో కూడా తెలుస్తుంది. ఎన్‌జిన్ఎక్స్ ముందున్నప్పుడు ఇది ప్రాణాధారం. అందులో రిక్వెస్టును ఎక్కడికి పంపాలో చెప్పే ప్రాక్సీ పాస్ దగ్గర, పోర్టు సంఖ్య తర్వాత ఒక స్లాష్ ఉంటే, లొకేషన్‌లో మీరు రాసిన భాగాన్ని తీసేసి మిగతాది పంపుతుంది. స్లాష్ లేకపోతే ఉన్నదున్నట్లు పంపుతుంది. ఆ ఒక్క గీత వల్ల /మార్కెట్/ధరలు కాస్తా /ధరలు అయి లోపలికి వస్తుంది. యాక్సెస్ లాగ్‌లో ఆ వరుస చూస్తే క్షణంలో తెలుస్తుంది, జావా కోడులో ఎంత వెతికినా తెలియదు.

టామ్‌క్యాట్ దాకా వచ్చిందని తేలింది. తర్వాత, మీ అప్లికేషన్ లేచిందా? దానికి సులువైన పరీక్ష, అప్లికేషన్ పైఫోల్డరులో ఒక మామూలు హెచ్‌టీఎమ్‌ఎల్ ఫైలు పెట్టి పిలవడం. అది తెరుచుకుంటే కాంటెక్స్ట్ బాగుంది, ఇక సర్వ్‌లెట్ మ్యాపింగ్ చూడవచ్చు. అది కూడా 404 అయితే మ్యాపింగ్ దాకా రానేలేదు. పేరైనా తప్పు, అప్లికేషనైనా లేవలేదు. మీ అప్లికేషన్‌లో ఏదైనా సర్వ్‌లెట్ / కు గానీ /* కు గానీ కట్టి ఉంటే ఈ పరీక్ష చెల్లదు. ఎందుకో కాసేపట్లో చూద్దాం.

అప్లికేషన్ లేవకపోతే టామ్‌క్యాట్ రాసే క్యాటలీనా లాగ్‌లో ఒక మాట కనిపిస్తుంది: ముందు వచ్చిన లోపాల వల్ల ఈ కాంటెక్స్ట్ మొదలు కాలేదు అని. చాలామంది అక్కడే ఆగి, కారణం రాయలేదే అంటారు. కొన్ని లోపాల వివరం పక్కనే ఉన్న ఇంకో ఫైలులో ఉంటుంది. లోకల్‌హోస్ట్ అనే పేరుతో, ఆరోజు తేదీతో ఉండే ఫైలు అది. రెండూ తెరవండి.

అప్లికేషన్‌ను మొత్తంగా పడగొట్టగలిగేది కూడా మ్యాపింగే కావచ్చు, ఇది విచిత్రం. ప్యాటర్న్‌ను ధరలు అని స్లాష్ లేకుండా రాస్తే టామ్‌క్యాట్ అది చెల్లని ప్యాటర్న్ అని మొత్తం అప్లికేషన్‌నే ఆపేస్తుంది. ఒక్క సర్వ్‌లెట్‌లో గీత పోతే ఇరవై పేజీలు 404 అవుతాయి. /ధరలు/*.డూ అని రాసినా అంతే. దారిని బట్టి అయినా చెప్పాలి, పొడిగింపును, అంటే చుక్క తర్వాతి ముక్కను బట్టి అయినా చెప్పాలి, రెండూ కలిపితే కుదరదు. రెండు సర్వ్‌లెట్లకు ఒకే ప్యాటర్న్ ఇచ్చినా అప్లికేషన్ లేవదు. సర్వ్‌లెట్-మ్యాపింగ్‌లో రాసిన పేరు, పైన సర్వ్‌లెట్ దగ్గర రాసిన పేరుతో అక్షరం అక్షరం కలవకపోయినా లేవదు. ఇవన్నీ గోల చేసి చెప్పే తప్పులు, అందుకే మంచివి. గోల చేయనిది /ధరలు* లాంటిది. స్లాష్ లేకుండా నక్షత్రం పెడితే అది నక్షత్రంగా పనిచేయదు. అక్షరాలా ఆ చిరునామానే కొట్టినవాడికి మాత్రమే దారి ఇస్తుంది. టామ్‌క్యాట్ లాగ్‌లో అనుమానంగా ఒక మాట రాసి ఊరుకుంటుంది.

చెప్పమ్మా. ఏదో అడగాలని చేయి ఎత్తావు.

— సార్, స్లాష్‌కూ స్లాష్ స్టార్‌కూ తేడా ఇంటర్వ్యూలో అడిగారు. రెండూ అన్నింటినీ పట్టుకుంటాయని చెప్పాను.

సగం సరైన జవాబు. మిగతా సగంలోనే ఉంది అసలు సంగతి. నాలుగో నేషనల్ హైవే... కాదు, నలభై నాలుగో నంబరు హైవేలో అటు హైదరాబాదు వెళ్లినా ఇటు బెంగళూరు వెళ్లినా ఈ ప్రశ్న మిమ్మల్ని వదలదు. కాబట్టి నిదానంగా చూద్దాం.

ఒక రిక్వెస్టుకు ఏ సర్వ్‌లెట్ అన్నది తేల్చడానికి సర్వ్‌లెట్ల నియమావళి, అంటే స్పెసిఫికేషన్ ఒక వరుస చెప్పింది. ముందు అచ్చంగా సరిపోయే ప్యాటర్న్ చూస్తుంది. అది లేకపోతే చివర /* ఉన్న దారి ప్యాటర్న్లలో అన్నిటికంటే పొడవైనది. అదీ లేకపోతే *.జేఎస్‌పీ, *.డూ లాంటి పొడిగింపు. ఏదీ లేకపోతే చివరికి / అనే డిఫాల్ట్. వెబ్.ఎక్స్ఎమ్ఎల్‌లో ఏది పైన రాశారు, ఏది కింద రాశారు అన్నది సర్వ్‌లెట్ల విషయంలో లెక్కలోకి రాదు. ఫిల్టర్లకు మాత్రం వస్తుంది, అక్కడ సరిపోయినవన్నీ రాసిన వరుసలోనే నడుస్తాయి.

మన అప్లికేషన్‌లో /ధరలు/* ఒకటి, /ధరలు/ఆదోని/* ఇంకొకటి ఉంటే, ఆదోని పత్తి రెండోదానికే వెళుతుంది. పత్తికొండ టమాటా మొదటిదానికి. అన్నట్లు, /ధరలు/* అన్నది వెనక ఏమీ లేని /ధరలు అనే చిరునామాను కూడా పట్టుకుంటుంది. కానీ ప్యాటర్న్ నక్షత్రం లేకుండా /ధరలు అని మాత్రమే ఉంటే, చివర స్లాష్ పెట్టి /ధరలు/ అని పిలిచినవాడికి 404.

ఇప్పుడు /* చూడండి. ఇది దారి ప్యాటర్న్, రెండో మెట్టులో ఉంది. *.జేఎస్‌పీ మూడో మెట్టులో ఉంది. జేఎస్‌పీ పేజీలను, అంటే హెచ్‌టీఎమ్‌ఎల్‌లో జావా కలిపి రాసే పేజీలను నడిపే సర్వ్‌లెట్‌ను టామ్‌క్యాట్ తన సొంత కాన్ఫ్ ఫోల్డరులోని వెబ్.ఎక్స్ఎమ్ఎల్‌లో *.జేఎస్‌పీకి కట్టి ఉంచింది. మీరు /* పెట్టగానే దాన్ని మీ సర్వ్‌లెట్ మింగేస్తుంది. మీ సర్వ్‌లెట్ ధరలన్నీ లెక్కగట్టి, చూపించమని ఒక జేఎస్‌పీకి ఫార్వర్డ్ చేస్తుంది. ఆ ఫార్వర్డ్ మళ్లీ ఇదే వరుసలో వెళ్లి మీ సర్వ్‌లెట్ దగ్గరికే వస్తుంది. అది మళ్లీ ఫార్వర్డ్ చేస్తుంది. కాసేపటికి స్టాక్ నిండి కూలిపోతుంది. స్ప్రింగ్‌లో అయితే వేరే వేషం వేస్తుంది: వెబ్-ఇన్ఫ్ కింద ఉన్న ఫలానా జేఎస్‌పీకి మ్యాపింగ్ లేదని చెబుతుంది. ఆ మాట చూసి జేఎస్‌పీకి కంట్రోలరు రాయబోయేవాళ్లు ఉంటారు. రాయకండి. స్ప్రింగ్‌లో రిక్వెస్టులను ముందుగా అందుకునే డిస్పాచర్ సర్వ్‌లెట్‌ను /* నుంచి / కు మార్చండి, అంతే.

ఇక / సంగతి. ఇది చివరి మెట్టు, కాబట్టి జేఎస్‌పీలకు అడ్డు రాదు. కానీ టామ్‌క్యాట్‌లో ఆ మెట్టు మీద ఇదివరకే ఒకరున్నారు. బొమ్మలు, స్టైల్‌షీట్లు, హెచ్‌టీఎమ్‌ఎల్ ఫైళ్లు అందించే డిఫాల్ట్ సర్వ్‌లెట్ అక్కడే ఉంటుంది. మీరు / తీసుకుంటే దాన్ని దించేసినట్లే. పేజీ వస్తుంది, రంగులు రావు, బొమ్మలు రావు. ఇందాక హెచ్‌టీఎమ్‌ఎల్ పరీక్ష చెల్లదన్నది ఇందుకే. దీనికి విరుగుడు ఉంది: డిఫాల్ట్ అనే పేరుకే *.సీఎస్‌ఎస్, *.జేఎస్, *.పీఎన్‌జీ కట్టండి. పొడిగింపు మూడో మెట్టు కనుక నాలుగో మెట్టును దాటేస్తుంది. స్ప్రింగ్‌లో దీనికి వేరే ఏర్పాట్లున్నాయి, అవి వాడుకోండి. ఇంటర్వ్యూలో ఇంత చెప్పక్కర్లేదమ్మా. /* జేఎస్‌పీని మింగుతుంది, / మింగదు అని చెప్పు, మిగతాది వాళ్లే అడుగుతారు.

తర్వాత అన్నొటేషన్లు, అంటే కోడులోనే @ గుర్తుతో రాసే సూచనలు. సర్వ్‌లెట్ 3.0 నుంచి, అంటే 2009 నుంచి, వెబ్.ఎక్స్ఎమ్ఎల్ లేకుండానే క్లాసు మీద వెబ్‌సర్వ్‌లెట్ అని రాసి ప్యాటర్న్ ఇవ్వవచ్చు. హాయిగా ఉంటుంది. అయితే వెబ్.ఎక్స్ఎమ్ఎల్ పైవరుసలో మెటాడేటా-కంప్లీట్ అన్నది నిజమని ఉంటే సర్వర్ అన్నొటేషన్లను చూడనే చూడదు. ఎక్కడినుంచో తెచ్చి అతికించిన వెబ్.ఎక్స్ఎమ్ఎల్‌లో ఆ మాట తరచూ ఉంటుంది. అలాగే ఒకే పేరున్న సర్వ్‌లెట్‌కు రెండు చోట్లా ప్యాటర్న్ ఇస్తే వెబ్.ఎక్స్ఎమ్ఎల్‌దే పైచేయి.

వీటన్నిటికంటే ఇప్పుడు ఎక్కువ మందిని ఏడిపిస్తున్నది మరొకటి ఉంది. బాబూ, మీ ల్యాబులో టామ్‌క్యాట్ ఎంతోది?

— పదోది సార్. రికార్డు పుస్తకంలో ప్రోగ్రాములు మాత్రం జావాఎక్స్‌తో ఉన్నాయి.

అదే. 2017లో ఒరాకిల్ సంస్థ, సర్వ్‌లెట్లు కూడా భాగమైన జావా ఈఈని ఎక్లిప్స్ ఫౌండేషన్‌కు అప్పగించడానికి ముందుకొచ్చింది. కానీ జావాఎక్స్ అనే ప్యాకేజీ పేరు కింద కొత్త మార్పులు చేసే హక్కు మీద ఒప్పందం కుదరలేదు. దాంతో 2020 డిసెంబరులో వచ్చిన జకార్తా ఈఈ 9లో ఆ ప్యాకేజీలన్నీ జకార్తా అనే పేరుకు మారిపోయాయి. టామ్‌క్యాట్ 9 దాకా జావాఎక్స్.సర్వ్‌లెట్, టామ్‌క్యాట్ 10 నుంచి జకార్తా.సర్వ్‌లెట్. పనితీరు దాదాపు అదే, పేరు మాత్రం వేరు. జావాకు పేరు వేరైతే క్లాసే వేరు.

మీరు పుస్తకం చూసి జావాఎక్స్‌తో రాస్తారు. ప్రాజెక్టులో పాత సర్వ్‌లెట్ జార్, అంటే లైబ్రరీ ఫైలు ఉంటుంది కాబట్టి కంపైల్ అవుతుంది. పదో టామ్‌క్యాట్‌లో పెడతారు. అది క్లాసుల్లో జకార్తా అన్నొటేషన్ కోసం వెతుకుతుంది. మీది జావాఎక్స్ అన్నొటేషన్, దాని కంటికి అది ఎవరిదో. లోపం అని కూడా అనుకోదు, లాగ్‌లో ఒక్క ముక్క రాయదు. అప్లికేషన్ చక్కగా లేస్తుంది, హెచ్‌టీఎమ్‌ఎల్ ఫైలు తెరుచుకుంటుంది, సర్వ్‌లెట్ మాత్రం 404. లాగ్ శుభ్రంగా ఉండి, అన్నొటేషన్ ప్యాటర్న్ కూడా సరిగ్గా ఉంటే మొదట ఇంపోర్టు వరుసలు చూడండి. దిద్దుబాటు మీ ఇష్టం: ఇంపోర్టులు మార్చండి, లేదా టామ్‌క్యాట్ 9 వాడండి. పాత వార్‌ను వెబ్‌యాప్స్-జావాఈఈ అనే ఫోల్డరులో పెడితే పదో టామ్‌క్యాట్ దాన్ని తనే మార్చుకుని ఎక్కిస్తుంది. ఎలా చేసినా సర్వ్‌లెట్ జార్‌ను వెబ్-ఇన్ఫ్ లిబ్‌లో పెట్టి పంపకండి. అది సర్వర్ దగ్గరే ఉంటుంది, మావెన్‌లో ప్రొవైడెడ్ అని రాయాలి.

ఇంకా పాత పుస్తకాలైతే చిరునామా /సర్వ్‌లెట్/క్లాసుపేరు అని ఉంటుంది, మ్యాపింగ్ ఊసే ఉండదు. అది ఇన్వోకర్ అనే సర్వ్‌లెట్ చేసిన పని. భద్రతకు ముప్పని టామ్‌క్యాట్ 4 కాలంలోనే దాన్ని మూసి ఉంచడం మొదలుపెట్టారు, టామ్‌క్యాట్ 7లో తీసేశారు. ఆ పుస్తకాన్ని గౌరవంగా అటక మీద పెట్టండి.

ఇన్ని ఊహించే బదులు సర్వర్‌నే అడగవచ్చు. సర్వ్‌లెట్‌కాంటెక్స్ట్‌లో గెట్‌సర్వ్‌లెట్‌రిజిస్ట్రేషన్స్ అనే పద్ధతి ఉంది. మొదలైనప్పుడు నడిచే ఒక లిజనరు రాసి, అది ఇచ్చే పేర్లనూ ప్యాటర్న్లనూ లాగ్‌లో అచ్చు వేయించండి. మీ సర్వ్‌లెట్ ఆ జాబితాలో లేకపోతే సర్వర్‌కు అది ఉన్నట్లే తెలియదు, ప్యాటర్న్ గురించి తలబద్దలు కొట్టుకోవడం అనవసరం. జాబితాలో ఉండి కూడా మీదాకా రాకపోతే మధ్యలో ఇంకెవరో పట్టుకుంటున్నారు. సర్వ్‌లెట్ 4.0 నుంచి రిక్వెస్టు మీదనే గెట్‌హెచ్‌టీటీపీసర్వ్‌లెట్‌మ్యాపింగ్ అని పిలిస్తే, ఏ ప్యాటర్న్ వల్ల ఎవరి దగ్గరికి వచ్చిందో చెబుతుంది. దాన్ని ఒక ఫిల్టరులో పెట్టుకుంటే చాలు. ఇది ల్యాబుల్లో ఎందుకు నేర్పరో నాకు అర్థం కాదు.

ఆ చివర, నల్ల చొక్కా బాబు.

— సార్, చిరునామా నేరుగా కొడితే వస్తుంది. ఫారమ్‌లో బటన్ నొక్కితే 404 వస్తుంది.

ఫారమ్ యాక్షన్‌లో ఏం రాశావు?

— స్లాష్ ధరలు.

ముందు స్లాష్ పెడితే బ్రౌజర్ దాన్ని సైటు మొదలునుంచి లెక్కిస్తుంది. /మార్కెట్ అన్నది ఒకటుందని బ్రౌజర్‌కు తెలియదు, అది సర్వర్ ఇంటి గొడవ. ప్యాటర్న్‌లో స్లాష్ అంటే అప్లికేషన్ మొదలు, హెచ్‌టీఎమ్‌ఎల్‌లో స్లాష్ అంటే సైటు మొదలు. జేఎస్‌పీలో గెట్‌కాంటెక్స్ట్‌పాత్ ఇచ్చేదాన్ని ముందు పెట్టి, తర్వాత /ధరలు రాయి. మార్కెట్ అని చేత్తో రాయకు, రేపు వార్ పేరు మారితే మళ్లీ ఇదే పాట. సెండ్‌రీడైరెక్ట్‌కూ ఇదే సూత్రం. డిస్పాచర్‌తో చేసే ఫార్వర్డ్‌కు మాత్రం కాంటెక్స్ట్ పాత్ పెట్టకూడదు, అది సర్వర్ లోపలే జరుగుతుంది.

ఇక మాటలు చాలు. పై అంతస్తు ల్యాబులో ప్రతి కంప్యూటర్‌లోనూ ఒక వార్ ఫైలు ఉంచాం. వాటిలో లోపాలు నేను కావాలనే పెట్టాను, ఒక్కో వరుసకు ఒక్కో రకం. మొదటి అరగంట ఎవరూ సోర్సు కోడు తెరవకూడదు. బ్రౌజర్, రెండు లాగ్‌లు, యాక్సెస్ లాగ్, అంతే. రిక్వెస్టు ఏ మజిలీలో ఆగిందో, అలాగని ఏ వరుస చూసి చెబుతున్నారో కాగితం మీద రాసి నాకు చూపించండి. ఆ తర్వాతే దిద్దడం. టీ తాగి రండి, మొదలుపెడదాం.